నాపరాళ్ళ బాట

మదర్ ఫెలిసితమ్మ గారికి వాదన గిట్టదు. వాదించాలని ఉబలాటపడేవాళ్ళు నల్లకోటు తొడుక్కుని కోర్టుకు పోవచ్చు, మఠంలో చేరనక్కర్లేదు అనేది ఆవిడ. ఆవిడ పెద్దగా ఉన్న మఠంలో కన్యస్త్రీలు కాబోయే ఆడపిల్లలకు శిక్షణ ఇస్తారు. సాయంత్రం ప్రార్థనకు ముందు కాసేపు ప్రశ్నలకు వదిలిపెట్టేవారు. ఎవరేది అడిగినా మదర్ తిన్నగా జవాబు చెప్పదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటుంది. అది విన్నాక కూడా ప్రశ్న మిగిలే ఉంటే, ఆ తప్పు అడిగినవాళ్ళదే. చాలా ఏళ్ళు పల్లెటూరి బళ్ళలో లెక్కలు చెప్పిన మనిషి. బుజ్జగింపు మాటలు ఆవిడకు చేతకావు.

ఆ రోజు బెర్నదెత్త లేచి నిలబడింది. చదువుకున్న పిల్ల, మంచి కుటుంబం నుంచి వచ్చింది. తమ్ముడికి సైన్యంలో ఆఫీసరు ఉద్యోగం వచ్చిందట. తన కోసం జపమాల చెప్పమని ఫోన్ చేశాడట. ఈమెకేమో నోరు పెగలడం లేదు.

"తుపాకీ పట్టిన చేతుల్లోనే సత్ప్రసాదం ఎలా తీసుకుంటారు మదర్? మిలిటరీ బట్టలు వేసుకుని శాంతికి సేవ చేస్తున్నామంటే, అది మనల్ని మనం మోసం చేసుకోవడం కాదా? మా ఇంటా వంటా ఒకరి మీద చెయ్యెత్తినవాళ్ళు లేరు."

"మీ తమ్ముడు ఇంకా రైలే ఎక్కలేదన్నావు. అప్పుడే నరకానికి పంపించేశావా?"

పిల్లలు నవ్వారు. బెర్నదెత్త నవ్వలేదు. మదర్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ సంగతి మొదలుపెట్టబోతోందని అందరికీ అర్థమైంది.

"చెలమపాడు చూశావా?"

"లేదు మదర్."

"చూడకపోయినా నష్టం లేదు. అలాంటి ఊళ్ళకు మనకేం కరువు?"

పల్నాటిలోని ఆ ఊరి బడిలో మదర్ కొన్నాళ్ళు పనిచేసింది. ఊరంతా కథోలికులే. పెద్దవీధిలోని పెద్దకులాల వాళ్ళూ, ఊరి చివర పేట వాళ్ళూ కూడా. తాతల నాటి నుంచి అందరిదీ ఒకటే జ్ఞానస్నానం, ఒకటే గుడి, ఒకటే పూజ. సమాధుల తోట కూడా ఒకటే, కాకపోతే మధ్యలో ఒక గోడ ఉంది. ఆ ప్రాంతంలో ఇటుక కంటే నాపరాయి చవక. మనిషెత్తు నాపరాళ్ళను నిలువునా పాతి, పక్కపక్కన బిగించి కట్టారు. గోడకు ఇవతల శిలువ పెట్టిన పెద్ద ఇనుపగేటు, సిమెంటు బాట, పెద్దవీధి వాళ్ళ సమాధులు. అవతల పేట వాళ్ళవి. అటు పోవాలంటే ఊరు చుట్టి, కాలవగట్టు మీదుగా నడిచి, ముళ్ళకంపలో ఉన్న సందులోంచి దూరాలి. నల్లరేగడి నేల. వానాకాలంలో మోకాలిదాకా దిగబడుతుంది. అందుకని పేట వాళ్ళు తమవాళ్ళ శవాలను దుప్పట్లో కట్టి, కర్రకు వేలాడదీసి ఇద్దరేసి మోసుకుపోయేవాళ్ళు. ఆ బురదలో దిగలేక పూజ చేసే స్వాములు కొందరు గోడకు ఇవతలే నిలబడి ప్రార్థన చదివి, తీర్థాన్ని గోడ మీదుగా అవతలికి చిలకరించేవారు.

"ఆ తీర్థం సమాధి మీద పడేదో, పక్కనున్న తుమ్మచెట్టు మీద పడేదో మరి" అంది మదర్. "చెట్టు మాత్రం ఏపుగా పెరిగింది."

గోడ ఎవరు కట్టారని అడిగితే పెద్దలు అనేవాళ్ళు. ఏ పెద్దలని అడిగితే, మాకంటే ముందువాళ్ళు అనేవాళ్ళు. చెలమపాడు విచారణ, అంటే ఆ గుడి కింది సంఘం, ఎంతో శాంతి సమాధానాలతో బతుకుతుందని చుట్టుపక్కలంతా పేరు.

ఆ ఊరి పేట నుంచి జకరయ్య అనే కుర్రవాడు సైన్యంలో చేరాడు. వంతెనలు కట్టే, బాటలు వేసే, పాతిపెట్టిన మందుపాతరలు ఏరే దళంలో నాయక్ అయ్యాడు. ఆ దళాన్ని శాంతి కాపాడేందుకు ఆఫ్రికాలో ఒక దేశానికి పంపారు. అక్కడ కొట్టుకున్న రెండు పక్షాలూ కాగితం మీద సంతకాలు చేసి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. పాతిన మందుపాతరలు మాత్రం బాటల్లోనే ఉండిపోయాయి. సంతకు పోయే ఆడవాళ్ళ కాళ్ళు తెగిపడుతున్నాయి. వీళ్ళు ఆ బాటల మీద బోర్లా పడుకుని, జానెడు జానెడు నేల పొడిచి చూస్తూ ముందుకు పాకాలి. ఒక పొద్దున అలా పాకుతుండగా జకరయ్య చేతి కింద మందుపాతర పేలింది.

అతని పైఅధికారి మేజర్ రాయపరెడ్డి. కడప వైపు కథోలిక కుటుంబం. తక్కువగా మాట్లాడతాడు. ఎడారిలో ఉన్నా ఆదివారం పూజ ఎక్కడ జరుగుతుందో వెతుక్కుని పోయే రకం. జకరయ్యను ఆ పొద్దున ఆ బాట మీదికి పంపింది తనే గనక, ఇంటికి చేర్చేదీ తనే అని పైవాళ్ళను అడిగి మరీ శవపేటికతో వచ్చాడు. వెంట ఒక ట్రక్కు, అందులో పేటిక మోసే జవాన్లు వచ్చారు.

పొలిమేర దగ్గర ఊరంతా ఎదురొచ్చింది. ముందు నిలబడినవాడు మర్రెడ్డి, విచారణ సంఘానికి పెద్ద. మేజరుకు దండ వేసి అతను అడిగిన మొదటి మాట ఇది.

"తమరి ఇంటిపేరు ఏందండీ?"

"గుజ్జుల."

మర్రెడ్డి మొహం వికసించింది. "గుజ్జులోరా! మా మేనత్తనిచ్చింది గుజ్జులోరికే గదా. అయితే నువ్వు మాకు బావ వరసవుతావు! ముందే చెప్పొద్దా బావా?"

దండ వేసిన చేయి దించే లోపల 'తమరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ట్రక్కులో జెండా కప్పిన పేటిక ఎండలో ఉంది. మేనత్త ఎన్నో కాన్పులో పోయిందో కూడా చెప్పాక గానీ మర్రెడ్డి అటు చూడలేదు.

గుడిలో పూజ జరిగింది. ముందు బల్లల మీద తాసీల్దారు, ఎస్సై, సంఘ పెద్దలు కూర్చున్నారు. మేజరును వాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. జకరయ్య తల్లి ఆగ్నేసమ్మ ఎప్పటిలాగే గుడి వెనక, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, పేట ఆడవాళ్ళతో కింద కూర్చుంది. కొడుకు పేటిక పీఠం ముందు ఉంది. అంత దూరం నుంచి ఆమెకు జెండా అంచు కూడా కనపడదు. మదర్ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఆమెను ముందుకు పిలవాలని ఒక్కరికి కూడా తోచలేదు.

"తోచి మానుకున్నా కొంత నయమే" అంది మదర్. "వాళ్ళకు అసలు తోచనే లేదు."

పూజ చేస్తున్న ఫాదర్ సిల్వెస్టర్ ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమని అన్నప్పుడు, మర్రెడ్డి రెండు వరసలు దాటి వచ్చి మేజరుకు చేతులు జోడించాడు.

పూజ అయ్యాక గుడి వసారాలో కుర్చీలు వేసి శాంతి సమావేశం పెట్టారు. దేశం కోసం పోయిన మా వాణ్ణి దుప్పట్లో వేలాడదీసి కాలవగట్టున మోసుకుపోవాలా అని పేట కుర్రవాళ్ళు రెండు రోజులుగా గొణుగుతున్నారు. అందుకని ఎస్సై గారికి బెంగ.

"శాంతి గురించి తమరికి నేను చెప్పేదేముంది సార్, ఆ పనిమీదే దేశాలు తిరిగొచ్చారు. ఇక్కడ చిన్న గొడవైనా నా ఉద్యోగం మీదికొస్తుంది."

మర్రెడ్డి చెయ్యెత్తి అతణ్ణి ఆపాడు. "ఆ బెంగే అక్కర్లేదు. జకరయ్యను మా వైపే పెడదాం, పెద్దగేటు పక్కనే. పాలరాతి ఫలకం నేను చేయిస్తా. రేపు ఏ మంత్రి గారన్నా దండెయ్యడానికి వస్తే వీలుగా ఉంటది. దేశం కోసం పోయినోడికి కులమేంది బావా!"

తాసీల్దారు గారి కళ్ళు చెమర్చాయి. ఫాదర్ సిల్వెస్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. గొయ్యి కూడా అప్పటికే తవ్వించి ఉంచారు. మేజరు సంతోషంగా లేచి మర్రెడ్డి చేయి పట్టుకుని ఊపాడు.

"మేజరు మంచివాడు" అంది మదర్. "మంచివాళ్ళకు సంతోషపడటానికి తొందర ఎక్కువ."

ఆ కబురు తనే చెప్పాలని అతను ఆగ్నేసమ్మ దగ్గరికి వెళ్ళాడు. పేటికను అప్పటికి గంటస్తంభం నీడలోకి తెచ్చారు. ఆమె దాని మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. పక్కన ఆమె తమ్ముడు ఇన్నాసి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, జకరయ్యను పెద్దగేటులోంచే తీసుకెళ్తున్నాం. ముందు వరసలో చోటిస్తున్నారు."

"బతికున్నన్నాళ్ళూ పేటోడు. పెట్టెలో వచ్చేతలికి ఊరోడయ్యాడా?" అన్నాడు ఇన్నాసి.

"నువ్వుండరా" అని ఆగ్నేసమ్మ మేజరు వైపు తిరిగింది. "ఆళ్ళ నాయన గోడకు అవతల ఉండాడయ్యా. రేపు నేను పోతే నన్నెక్కడ పెడతారు? నా బిడ్డ పక్కన పెట్టనిస్తారా? ఆ ఒక్క మాట కనుక్కొని రా నాయనా, నీకు పుణ్యముంటది."

మేజరు వసారాలోకి తిరిగి వెళ్ళాడు. ఆమె అడిగినది ఆమె మాటల్లోనే అడిగాడు. మర్రెడ్డి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఆమె గుండ్రాయిలాగుంది. ఇప్పుడా మాటెందుకు బావా? పోయినప్పుడు చూసుకుందాం."

"ఇప్పుడే చెప్పండి."

"సార్, లేనిపోనివి కదిలించొద్దు" అన్నాడు ఎస్సై.

మేజరు ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ సిల్వెస్టర్ వయసులో చిన్నవాడు, ఆ విచారణకు వచ్చి ఏడాది కాలేదు. తన కాలిజోళ్ళ వైపు చూసుకుంటూ, "మార్పు నెమ్మదిగా వస్తుంది మేజర్ గారూ. ఈ వేళ ఒక్కడు వచ్చాడు కదా" అన్నాడు.

"కొడుకును తీసుకుంటారు. తల్లి అక్కర్లేదు. అంతేనా?"

మేజరు మళ్ళీ గంటస్తంభం దగ్గరికి వచ్చి, ఆమెకు చోటిస్తామని ఎవరూ అనలేదని దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయితే ఆళ్ళ నాయన పక్కనే పెట్టించయ్యా" అంది ఆగ్నేసమ్మ. "ఆ పెద్దోళ్ళ మధ్యన నా బిడ్డ ఒక్కడూ బిక్కుబిక్కుమంటా ఎందుకు పడుకోవాలా?"

ఆ మాట చెవిన పడగానే వసారాలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. "చూశావా, ఆమె నోటితోనే అంది! మనం కాదన్లేదు. ఇంక గొడవేముంది?" అని మర్రెడ్డి కుర్చీలోంచి లేచాడు. తాసీల్దారు జీపు తిప్పమని కేక వేశాడు. ఆగ్నేసమ్మ మంచితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. అన్యాయం జరిగిన మనిషి తనంతట తానే నాకింతే చాలనాలి, పక్కవాళ్ళు ఆమెను మెచ్చుకుని భోజనాలకు లేవాలి. మన ఊళ్ళల్లో సమాధానం అంటే ఇదే కదా అని మదర్ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం స్పష్టంగా వినిపించింది. ఇన్నేళ్ళయినా తగ్గని కోపం.

ఇక దారి సంగతి తేలాలి. ముందు రోజుదాకా వాన కురిసింది. కాలవగట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పేటికను జవాన్లు జతలు జతలుగా భుజాల మీద మోయాలి, ఒరగకూడదు. అదెలాగని మేజరు అడిగితే మర్రెడ్డికి అందులో కష్టమేమీ కనపడలేదు.

"పెట్టె ఇక్కడే ఉంచి, జెండా తీసి మడతపెట్టి, అతన్ని దుప్పట్లో మోసుకుపోతార్లే బావా. ఆళ్ళకు అలవాటే."

మేజరు పెద్దగేటు తోసుకుని సమాధుల తోటలోకి నడిచాడు. సిమెంటు బాట చివరిదాకా వెళ్ళి గోడ ముందు ఆగాడు. నాపరాళ్ళను అరచేత్తో తడిమి చూశాడు. అందరూ వెంట వచ్చారు.

"ఫాదర్, ఇది గుడివాళ్ళు కట్టించిన గోడేనా?"

"బిషప్ గారి మేత్రాసనంలో ఉన్న పటంలో ఈ గోడ లేదు" అన్నాడు ఫాదర్ సిల్వెస్టర్. ఆ రోజు ఆయన ధైర్యంగా అన్న మొదటి మాట అది.

"మరి ఎవరిది?"

"ఊరిది" అన్నాడు మర్రెడ్డి.

"పేట ఈ ఊళ్ళోది కాదా?"

మేజరు వెనక్కి తిరిగి జవాన్లకు ఒక మాట చెప్పాడు. వాళ్ళు తుపాకులను ట్రక్కులోనే ఉంచి, గునపాలూ పారలూ దించుకుని వచ్చారు. అలాంటి దళం ట్రక్కులో గునపం లేకుండా ఉండదు, మన వంటింట్లో కత్తిపీట ఉన్నట్టే. మేజరు టోపీ తీశాడు, పిస్తోలు ఉన్న బెల్టు విప్పి ట్రక్కులో పెట్టించాడు, శిలువ గుర్తు వేసుకున్నాడు. మొదటి గునపం తనే అందుకున్నాడు.

బెర్నదెత్త ఉండబట్టలేక అడ్డొచ్చింది. "అలా చెయ్యమని ఆయనకు ఆర్డరు ఉందా మదర్?"

"లేదు. చెయ్యొద్దనీ లేదు. శవాన్ని గౌరవంగా సమాధికి చేర్చి రమ్మని ఉంది."

మర్రెడ్డి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "నీకిది తగదు బావా. మనోళ్ళల్లో పుట్టి, మనోళ్ళ పరువు నువ్వే తవ్వుతావా?"

అప్పటిదాకా వరస కలపని మేజరు అప్పుడు కలిపాడు. "ఇందాక గుడిలో నాకు సమాధానం చెప్పావు బావా. జకరయ్య తల్లికి చెప్పావా?"

"ఆమె వెనకాల కూర్చునుంది గదా!"

"వెనక్కి తిరగాల్సింది."

మర్రెడ్డి పక్కకు జరిగాడు. సిగ్గుతో జరిగాడో, గునపం చూసి జరిగాడో మదర్ చెప్పలేనంది. "నేను రిపోర్టు రాయాల్సొస్తుంది సార్, మీరు శాంతికి భంగం కలిగిస్తున్నారు" అని ఎస్సై అరిచాడు. "రాయండి. నా పేరు తప్పుల్లేకుండా రాయండి" అన్నాడు మేజరు తల ఎత్తకుండా.

రాతి మొదలు దగ్గర మట్టి తవ్వి, రాయి పట్టు వదిలాక నలుగురూ కలిసి పైకి లాగారు. ఒక్కటీ పగలగొట్టలేదు. మూడో రాయి లేచేసరికి పేట కుర్రవాళ్ళు కేకలు వేస్తూ ఉరికొచ్చారు, మిగతా గోడంతా కూల్చేద్దామని. మేజరు వాళ్ళ మీద మర్రెడ్డి కంటే గట్టిగా కసిరాడు. "పెట్టె పట్టేంత చాలు! మీ మనిషిని పూడ్చడానికి వచ్చారా, తిరునాళ్ళకు వచ్చారా?" ఇన్నాసి కుర్రవాళ్ళను వెనక్కి లాగి, వాళ్ళ చేతికి పారలిచ్చి, చిన్నప్ప సమాధి పక్కన గొయ్యి తవ్వమని పంపాడు. చిన్నప్ప అంటే జకరయ్య తండ్రి.

సందు తయారైంది. కానీ అవతల అడుగు పెడితే కాలు దిగబడిపోతోంది. మేజరు పెకలించిన రాళ్ళను పరిచేయమన్నాడు. అప్పటిదాకా నిలువునా అడ్డు నిలిచిన నాపరాళ్ళను జవాన్లు ఒకదాని తర్వాత ఒకటి బురద మీద వెల్లకిలా పరుచుకుంటూ పోయారు. చాలకపోతే ఇంకొన్ని పీకారు. అలా చిన్నప్ప పక్కన తవ్విన గొయ్యి దాకా బాట పడింది. ఆ దళంలో ఒక పద్ధతి ఉంది. బాట బాగుపడిందని ఆఫీసరు చెప్తే సరిపోదు, ఆ బాట మీద ముందు తను నడవాలి. అతను బతికి వచ్చాకే మిగతావాళ్ళు అడుగు పెడతారు. ఆఫ్రికాలో రోజూ సాయంత్రం జపమాల పిడికిట్లో పట్టుకుని మేజరు అలాగే నడిచేవాడట. ఇక్కడా అలాగే గొయ్యి దాకా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చాడు. ఈసారి మందుపాతరలు నేలలో లేవు, గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నాయని మదర్ అంది.

టోపీ పెట్టుకుని, బెల్టు బిగించుకుని మేజరు జవాన్లకు సైగ చేశాడు. పేటిక పెద్దగేటులోంచి వచ్చి, సిమెంటు బాట దాటి, గోడ సందులోంచి అవతలికి వెళ్ళింది. ఎక్కడా ఒరగలేదు. దాని వెనకే ఆగ్నేసమ్మ. ఆమె వెనక పేట అంతా. పుట్టి బుద్ధెరిగాక ఆ గేటులోంచి వాళ్ళు లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. ఫాదర్ సిల్వెస్టర్ సందు దగ్గర ఒక్క క్షణం తటపటాయించాడు. తీర్థపు గిన్నె చేతిలో ఉంది, గోడ ఇవతల నుంచి చల్లే అలవాటూ ఉంది. చివరికి తెల్లని అంగీ ఎత్తిపట్టుకుని నాపరాళ్ళ మీద కాలుపెట్టాడు.

"ఆ రోజు తుపాకులు పేలింది అప్పుడే, ఆకాశంలోకి" అంది మదర్. "సైనిక వందనం. కాకులు లేచాయి. దెబ్బ మాత్రం ఎవరికీ తగల్లేదు బెర్నదెత్తా."

తర్వాత సంగతి ఇంత గౌరవంగా ఉండదు. అర్జీలు వెళ్ళాయి, సైన్యానికొకటి, కలెక్టరుకొకటి, మేత్రాసనపు బిషప్ గారికొకటి. శాంతికి భంగం, శాంతికి విఘాతం, శాంతియుతంగా బతుకుతున్న విచారణలో చిచ్చు అంటూ మూడింటిలోనూ ప్రతి పేరాకీ శాంతే. సైన్యం విచారణ జరిపింది. శవాన్ని పూడ్చి రమ్మంటే గోడ ఎందుకు తీశావని అడిగారు. "దారిలో అడ్డం వచ్చింది సార్. అడ్డాలు తీయడం నా వృత్తి" అన్నాడట మేజరు. క్షమాపణ రాసిస్తే ఇంతటితో వదిలేస్తామన్నారు. రాసివ్వలేదు. అతని వెనక చేరినవాళ్ళు కల్నళ్ళయ్యారు. అతను మేజరుగానే పదవీ విరమణ చేశాడు. ఇప్పుడు కడప దగ్గర ఏదో పల్లెలో ఉంటూ రోజూ పొద్దున్నే పూజకు పోతాడని విన్నానంది మదర్.

చెలమపాడులో ఆ సందు మూసెయ్యాలని పెద్దవీధి, మూయనివ్వబోమని పేట పంతం పట్టాయి. ఏడాదంతా ప్రతి ఆదివారం పూజ తర్వాత మాటామాటా పెరిగేది. ఆ ఏటి పండుగకు తేరు కదల్లేదు. రెండు తలలు పగిలాయి, కేసులు నడిచాయి. బురదలో పరిచిన రాళ్ళను ఒకసారి పెద్దవీధి కుర్రవాళ్ళు పీకి పారేస్తే, పేట ఆడవాళ్ళు ఏరి తెచ్చి మళ్ళీ పరిచారు. ఆ గొడవల మధ్యనే ఆగ్నేసమ్మ జ్వరంతో పోయింది. ఇన్నాసీ మరికొందరూ ఆమెను పాడె మీద పెద్దగేటుకు ఎదురుగా తెచ్చారు. గేటు దగ్గర మర్రెడ్డి ఒక్కడే నిలబడి ఉన్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు. పాడె దగ్గరికి వచ్చేసరికి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆమెను నాపరాళ్ళ బాట మీదుగా తీసుకెళ్ళి, మొగుడికీ కొడుక్కీ నడిమధ్య పడుకోబెట్టారు.

మదర్ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. సంగతి అయిపోయినట్టే. అయినా బెర్నదెత్త కూర్చోలేదు.

"ఆయన మంచి పనే చేశారు మదర్, కాదనను. కానీ ఏడాదిపాటు కొట్లాటలు, కేసులు, తలలు పగలడం. అందులో శాంతి ఎక్కడుంది? మాదీ కథోలికుల ఊరే. పేట కూడా ఉంది. మా తాతగారి నాటి నుంచీ ఇలాంటి గొడవ ఒక్కటంటే ఒక్కటి లేదు."

ప్రార్థన గంట మోగింది. పిల్లలు లేచి వరస కట్టారు. మదర్ తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది.

"మీ ఊరి సమాధుల తోటకు దారులు ఎన్ని, బెర్నదెత్తా?"